నల్లబానలో నాలుగు చక్రాలు

మా అన్నయ్య సత్యనారాయణకి నన్ను తిట్టడానికి ఎక్కువ మాటలు అవసరమయ్యేవి కావు. "తెలివిగలవాడు" అనేవాడు, అంతే. "తెలివిగలవాడు లేచాడా?" "తెలివిగలవాడికి అన్నం పెట్టావా అమ్మా?" అని మా ఆవిడ వెంకటరత్నాన్ని అడిగేవాడు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవి తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

అప్పట్లో మేముండేది పెడనలో. చెక్క అచ్చులతో గుడ్డలమీద రంగులు అద్దే ఇల్లు మాది. అన్నయ్య భార్య చనిపోయి అప్పటికి పదేళ్ళు. ఆయనకి పిల్లల్లేరు. నా పిల్లలిద్దరే ఆయన పిల్లలు. పెద్దది ఝాన్సీలక్ష్మికి తొమ్మిదేళ్ళు, చిన్నవాడు గోవర్ధనానికి ఆరు. మిల్లు గుడ్డలు వచ్చిపడ్డాక మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు అద్దకం మానేసి గుడివాడ వెళ్ళి రైసు మిల్లుల్లో బస్తాలు మోస్తున్నారు. మాకూ రెండేళ్ళుగా చెప్పుకోదగ్గ పని లేదు. ఆ యేడు శివరాత్రి వెళ్ళాక బందరు వర్తకుడు పిచ్చేశ్వరరావు గారు కబురు పెట్టి రెండు వందల దుప్పట్లు అద్దమన్నారు.

"బొంబాయి వాళ్ళకి చూపించాలండీ. వాళ్ళకి నచ్చితే యేటా మీకే ఇస్తాను. నచ్చకపోతే ఇంక నన్ను అడగొద్దు" అన్నారు.

చిక్కల్లా కాలవతో ఉంది. అద్దిన గుడ్డని పారే నీళ్ళలో ఉతికితేనే మా పని పూర్తవుతుంది. ఏప్రిల్ ఆఖరుకి కాలవలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే. ఆ లోపల రెండు వందలూ అద్ది, ఉతికి, ఇచ్చెయ్యాలి. లేదంటే మా ఇల్లు కూడా ఆ సగం ఇళ్ళలో కలిసిపోతుంది.

అన్నయ్యకి ఇంకో భయం కూడా ఉంది. ఆ భయం నేను. కిందటేడు రంగు కాగుతుంటే, పొయ్యి కింద రెండు కట్టెలు ఎక్కువ పెడితే సగం పొద్దు కలిసొస్తుందని నాకు తోచింది. ఇరవై గుడ్డలు మాడి ముద్దయ్యాయి. అప్పుడు అన్నయ్య కేకలెయ్యలేదు. పిల్లలిద్దరూ భోజనాల దగ్గర ఉండగానే నిదానంగా అన్నాడు.

"ఇంకొక్కసారి నా పనిలో నీ తెలివి పెట్టావంటే మనం కలిసుండేది లేదురా దుర్గారావూ. నీ పెళ్ళాం పిల్లల్ని తీసుకుని గుడివాడ వెళ్ళి బస్తాలు మోసుకో."

గోవర్ధనం ఆ పూట అన్నం తినలేదు. గుడివాడ అంటే అక్కడ పిల్లలచేత కూడా బస్తాలు మోయిస్తారనుకున్నాడు వాడు. ఝాన్సీ ఏమీ అనలేదు. అది మాట్లాడలేదంటే మనసులో పెట్టుకుందన్నమాట.

దుప్పట్ల గుడ్డని బందరు నుంచి ఎడ్లబండిలో తెస్తున్న రోజునే ఒక కారు కూడా వచ్చింది. రేవు దారిలో పాత దొరల బంగళా ఒకటి ఉండేది. దానికి కాపలా మత్తయి గారు. ఆయన కూతురి పెళ్ళికి మా అద్దకపు దుప్పటి ఒకటి ఇచ్చానని నామీద అభిమానం. నా బండి కనబడగానే చెయ్యెత్తి ఆపి, గోడ పక్కన పడున్న ఇనపసామాను చూపించారు.

"బంగళా పడగొట్టేస్తున్నారయ్యా. పిల్లలున్నోడివి, ఇది పట్టుకుపో."

"ఏంటి మత్తయి గారూ ఇది?"

"కారు! దొరగారి పిల్లలు కూర్చుని కాళ్ళతో తొక్కేవోళ్ళు. స్టీరింగు కూడా ఉంది చూడు."

"తిరుగుతుందా?"

"తిరిగితే నీకెందుకిస్తాను? మా మనవడికే ఇద్దును."

రేకు ఒళ్ళంతా చిల్లులు. నాలుగు చక్రాలూ ఇరుసుల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. రబ్బరు లేదు. సీటు ఉండాల్సిన చోట తేలు ఒకటి కాపురముంది. దాన్ని దులిపి, గుడ్డ తానుల మీద కారు ఎక్కించుకుని ఇంటికి వచ్చాను. వీధి మొదటినుంచీ పిల్లలు బండి వెనక పరిగెత్తుకుంటూ వచ్చారు.

అన్నయ్య అరుగు దిగి చూశాడు. "గుడ్డ తెమ్మంటే ఇనప్పెంకులు తెచ్చావేంట్రా తెలివిగలవాడా?" అన్నాడు. తర్వాత ఊరుకోలేక గోటితో కొంచెం గీకి, వేలికి అంటినదాన్ని ఎండలో పట్టుకుని చూశాడు. "తుప్పు మాత్రం మంచి తుప్పేరా."

మా ఇంట్లో తుప్పుకి అంత మర్యాద. మా నలుపు తుప్పులోంచే వస్తుంది. పెరట్లో రేకుల పంచ కింద ఒక పెద్ద మట్టి బాన ఉండేది. దాంట్లో పాత లాడాలూ బండి పట్టాల ముక్కలూ వేసి, తాటిబెల్లం నీళ్ళు పోసి, మూడు వారాలు పులియబెడితే ఆ నీళ్ళు ఇనుముని తిని రంగవుతాయి. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డమీద ఆ నీటిచుక్క పడితే చాలు, కళ్ళముందే నల్లబడుతుంది. మేం దాన్ని నల్లబాన అనేవాళ్ళం. అందులో ఏ ఇనుము పడాలో అన్నయ్యే చూసేవాడు. పూత లేని వట్టి ఇనుమే వేసేవాడు. ఇంకెవరూ వెయ్యడానికి వీల్లేదు. రోజూ పొద్దున్నే వెదురుకర్రతో కలిపే పని మాత్రం ఆ యేడు ఝాన్సీకి ఇచ్చాడు.

అది ఊరికే ఇచ్చిన పని కాదు. ఝాన్సీని అన్నయ్య తన బల్ల దగ్గర నిలబెట్టుకుని అచ్చు వెయ్యడం నేర్పుతున్నాడు. మా ఇళ్ళల్లో ఆడపిల్లలు కరక్కాయలు దంచుతారు, గుడ్డ ఆరేస్తారు. బల్ల దగ్గరికి రారు. ఇరుగుపొరుగువాళ్ళు నవ్వితే అన్నయ్య లెక్కచెయ్యలేదు. "దీని చెయ్యి నా చెయ్యిరా. నీ చెయ్యి కాదు, బతికిపోయింది" అన్నాడు నాతో.

మార్చిలో ఒంటిపూట బడులు పెట్టారు. పిల్లలు పదకొండున్నరకల్లా ఇంటికి వచ్చి, నాలుగు మెతుకులు తిని, కారు దగ్గర చేరేవాళ్ళు. ఇటుక పొడి, కొబ్బరి పీచు, పాత చింతపండు పెట్టి ముగ్గురం తోమేవాళ్ళం. గోవర్ధనం తోమేది తక్కువ, లోపల కూర్చుని నోటితో హారన్ కొట్టేది ఎక్కువ. వెంకటరత్నం వంటింట్లోంచి అరిచేది.

"చింతపండంతా కారుకే పోస్తే చారు దేంతో పెట్టనండీ?"

"కారు తిరిగాక నిన్ను బందరు తీసుకెళ్తాంలేవే."

"నేనెక్కితే ఆ చక్రాలు కాదు, నేల కుంగుద్ది" అని తనే నవ్వుకునేది.

ఆ ఇంట్లో అంత నవ్వు మేం ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆ రోజులు తలుచుకోవాలంటే నాకు ఇప్పటికీ భయం.

పదిహేను రోజులు తోమినా చక్రాలు కదల్లేదు. కమ్మరి దగ్గరికి మోసుకెళ్ళాం. అతను సుత్తితో రెండుసార్లు తట్టి చూసి పెదవి విరిచాడు. "ఇరుసూ చక్రం ఒకటైపోయినయ్యి. కొడితే విరుగుతయ్యి, కాలిస్తే వంగుతయ్యి. తీసుకుపోయి దొడ్లో పాతండి, దొండపాదు పాకుద్ది" అన్నాడు. గోవర్ధనం దారంతా ఏడ్చుకుంటూ వచ్చాడు. ఝాన్సీ వాడి చెయ్యి పట్టుకుని, "నాన్న ఏదో ఒకటి చేస్తాడ్రా. నాన్నకి వస్తుంది" అంది.

నాకు నిజంగానే వచ్చింది ఆలోచన. లోకంలో తుప్పు తినేది ఇంకేముంది, మా నల్లబాన తప్ప! చక్రాలూ ఇరుసులూ తొక్కుడు కమ్మీలూ విప్పి అందులో దించితే తుప్పు నీళ్ళలోకి దిగుతుంది, ఇనుము శుభ్రంగా బయటికొస్తుంది. కారుకి చక్రాలు తిరుగుతాయి, బానకి తుప్పు దొరుకుతుంది. ఇంత చక్కటి ఉపాయం అన్నయ్యకి ఎందుకు తట్టలేదా అని కూడా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే చల్లపల్లిలో మా మేనత్త పెద్దకర్మకని అన్నయ్య వెళ్ళాడు. ఐదు రోజులు రాడు.

పురికొసతో కట్టిన చక్రాలు నేను బానలో దించుతుంటే పిల్లలిద్దరూ చెరోవైపు నిలబడ్డారు.

"పెదనాన్న తప్ప ఇంకెవరూ వెయ్యకూడదు కదా నాన్నా?" అంది ఝాన్సీ.

"మరి నేనెవర్నే? ఈ ఇంటివాణ్ణి కానా?"

"పెదనాన్నకి చెప్తావా?"

"చెప్దాం. కారు తిరిగాక చెప్దాం. ఆశ్చర్యపోతాడు."

అది తల ఊపింది కానీ వెంటనే కదల్లేదు. బాన మూత సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూసి వెళ్ళింది.

ఐదోరోజు పొద్దున తీశాను. చక్రాలు చేత్తో తిప్పితే ఊడివచ్చాయి. తుప్పు పోయినచోట తెల్లగా మెరుస్తోంది. కొన్నిచోట్ల ఆ తెలుపు కూడా పొరలుపొరలుగా లేచిపోయి కింద బూడిదరంగు కనిపించింది. ఇనుము అసలు రంగు అదే కాబోలనుకున్నాను. దొరల ఇనుము కదా, తెల్లగానే ఉంటుందని పిల్లలకి హాస్యం కూడా చెప్పాను. గోవర్ధనం మరమేకులు లెక్కపెట్టి ఒక మర తగ్గిందన్నాడు. "పోతే పోయిందిలేరా" అని ఆ చోట తీగె చుట్టాను.

అన్నయ్య చల్లపల్లి నుంచి వచ్చేసరికి కారు అరుగు ముందు నిలబడి ఉంది. పాత సైకిలు టైరు కోసి చక్రాలకి తొడిగాం. ఇరుసులకి ఆముదం పెట్టాం. అన్నయ్య చుట్టూ తిరిగి చూశాడు. లోపలికి వెళ్ళి చిన్న పువ్వు అచ్చు ఒకటీ, పిసరు ఎర్ర పెయింటూ తెచ్చి ఝాన్సీ చేతికిచ్చాడు. అది రేకుమీద వరసగా పువ్వులు అద్దింది. ఒక్కటి కూడా వంకర పోలేదు. సాయంత్రం కాలవగట్టు మీద గోవర్ధనం తొక్కుతుంటే అన్నయ్య పంచె ఎగ్గట్టి వెనక నుంచి తోశాడు. యాభై ఏళ్ళ మనిషి గట్టంతా పరిగెత్తాడు. ఊళ్ళో పిల్లలంతా వెంటపడ్డారు.

ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుని అడిగాడు. "చక్రాలెలా ఊడదీశావురా? కమ్మరి వల్ల కాదన్నాడంటగా?"

నా వెనకే ఝాన్సీ నిలబడి ఉంది. చెప్తానన్న రోజు అదే.

"కిరసనాయిలు పోసి నానబెట్టానన్నయ్యా."

"తెలివిగలవాడివేరా!" అని నా వీపుమీద చరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నన్ను మెచ్చుకుంటూ అనడం అదే మొదలు. ఆ ఒక్క మాట చెడగొట్టుకోవడం ఇష్టంలేక నేను నిజం చెప్పలేదు.

మర్నాడు బాన తెరిచాడు. గుడ్డముక్క మీద చుక్క వేస్తే నల్లగానే పడింది. నా మనసులో ఉన్న కాస్త గుబులూ పోయింది. ఆ తర్వాత నెలరోజులు తల ఎత్తకుండా పనిచేశాం. తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదిరితే ఆపి, మళ్ళీ మూడింటికి మొదలు. అంచులూ తీగెలూ నలుపు. నలుపు గీత నిలబడితేనే తక్కిన రంగులకి చోటు. రెండు వందల్లో పన్నెండు దుప్పట్లకి నాలుగు మూలల పువ్వులూ ఝాన్సీ చేత వేయించాడు అన్నయ్య. పీట మీద నిలబడి, నాలిక కొస పళ్ళ మధ్య పట్టుకుని వేసింది. పన్నెండో దుప్పటి అయ్యాక అన్నయ్య దాని రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసి, "ఇంక నేను పోయినా ఫరవాలేదమ్మా" అన్నాడు.

"ఎక్కడికి పోతావు పెదనాన్నా?" అని అడిగిందది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన కాలవ కట్టేస్తామని చాటింపు వేశారు. ఇరవై రెండో తారీకు పొద్దున గుడ్డలన్నీ గట్టుమీదికి చేర్చాం. అన్నయ్య, నేను, ఇద్దరు కూలీలు నడుంలోతు నీళ్ళలో దిగాం. పిల్లలు బడి మానేసి గట్టుమీద కూర్చున్నారు. ఆ రోజు వాళ్ళని ఎవరూ బడికి పొమ్మనలేదు.

మొదటి దుప్పటి అన్నయ్యే విప్పి నీళ్ళ వాలుకి వదిలాడు. మామూలుగా అయితే కొంచెం పసుపు నీళ్ళు వస్తాయి, తర్వాత నీళ్ళు తేరుకుంటాయి, గీత నిలుస్తుంది. ఆ రోజు నీళ్ళు తేరుకోలేదు. గుడ్డ కిందినుంచి నల్లటి పాయ ఒకటి బయల్దేరి, నా కాళ్ళ పక్కనుంచి పోయి, కిందికి సాగింది. అన్నయ్య గుడ్డ పైకెత్తాడు. గీతలన్నీ చెదిరిపోయి, గుడ్డంతా బూడిదనీళ్ళు పోసినట్టు ఉంది.

"ఇంకోటి" అన్నాడు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదోది ఝాన్సీ పువ్వులున్నది. విప్పబోయి మూల చూసి, చేతిలోనే పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్నీ వదిలాడు.

"ఆపండి" అని గట్టెక్కి, తడిబట్టలతోనే ఇంటికి నడిచాడు. మేమంతా ఆయన వెనకే వెళ్ళాం. పెరట్లో నల్లబానని రెండు చేతులతో పక్కకి వంచి నేలమీద పారబోశాడు. మడ్డిలో చేత్తో వెతికాడు. లాడాలూ పట్టా ముక్కలూ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. చివరికి ఒక మర దొరికింది. నీళ్ళతో కడిగి అరచేతిలో పెట్టుకున్నాడు. సగం తెల్లగా ఉంది. గోటితో గీకితే ఆ తెలుపు పొడిలా రాలింది.

"పూత ఇనుము" అన్నాడు. "ఈ పూత నీళ్ళలో దిగితే నలుపు గుడ్డని పట్టుకోదు. నా బానలోకి ఎలా వచ్చింది?"

ఆయన చూపు ముందు ఝాన్సీ మీదికే వెళ్ళింది. రోజూ బాన కలిపేది అదే.

నా నోరు తెరుచుకుంది. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. నాలిక మీద మాట కూడా ఉంది. గోవర్ధనం, "నాన్న..." అని మొదలుపెట్టాడు. ఝాన్సీ వాడి చెయ్యి గట్టిగా నొక్కింది. ఒక్కసారి నా వైపు చూసి, అన్నయ్య వైపు తిరిగింది.

"నేనే వేశాను పెదనాన్నా. కారు చక్రాలు. తుప్పు పోతుందని."

"నువ్వా?"

"నేనే."

నేను పక్కనున్న కడవ తీసి గోడవారగా పెట్టాను. అక్కడ ఎవరి కాళ్ళకీ అది అడ్డం లేదు.

అన్నయ్య ఝాన్సీని కొట్టలేదు, తిట్టలేదు. మరని నేలమీద పెట్టి కాళ్ళు కడుక్కున్నాడు. లోపలికి వెళ్తూ నాతో అన్నాడు, "అమ్మాయిని ఇంక బల్ల దగ్గరికి రానివ్వకు." దానితో కాదు, నాతో అన్నాడు.

ఇంకో బాన పెడితే పులియడానికి మూడు వారాలు కావాలి. కాలవకి ఆరు రోజులే ఉంది. పిచ్చేశ్వరరావు గారు వచ్చి ఒక దుప్పటి విప్పి, ఎండలో చూసి, జాగ్రత్తగా మడిచి అరుగుమీద పెట్టారు. "మీ చేతి పని ఇలా చూస్తాననుకోలేదండీ సత్యనారాయణ గారూ" అని రిక్షా ఎక్కారు. ఇరవై ఎనిమిదిన నీళ్ళు ఆగిపోయాయి. నాలుగు రోజులకి కాలవలో బురద తేలింది.

అన్నయ్య ఇంట్లో అందరితోనూ మాట్లాడాడు, ఒక్క ఝాన్సీతో తప్ప. కోపంగా ఉండి కాదు. దాన్ని చూడలేకపోయేవాడు. అది పొద్దున్నే మొహం కడుక్కుని, జడ వేయించుకుని, పనిగది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేది. లోపల ఆయన తల వంచుకుని ఏదో సర్దుకుంటూ ఉండేవాడు. కాసేపుండి వచ్చేసేది. కారు పంచ కింద అలాగే ఉంది. గోవర్ధనం దాంట్లో కూర్చునేవాడు కానీ తొక్కేవాడు కాదు.

నేను రోజూ చెబుదామనుకునేవాణ్ణి. పిల్ల తప్పయితే ఇంట్లో ఒకరు కొన్నాళ్ళు మాట్లాడరు, నా తప్పయితే ఇల్లే రెండవుతుంది అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. పిల్లలు త్వరగా మరిచిపోతారని కూడా అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించడానికి కూడా తెలివే కావాలి.

ఒక మధ్యాహ్నం పెరట్లో అది ఒక్కతే కనిపిస్తే అడిగాను.

"ఎందుకలా చెప్పావమ్మా?"

"మరి నువ్వని తెలిస్తే పెదనాన్న మనల్ని గుడివాడ పంపించేస్తాడు కదా. నేనైతే పంపించడు. నేను చిన్నదాన్ని కదా" అంది. అంతకుముందే బాగా ఆలోచించి పెట్టుకున్న మాటల్లా ఉన్నాయవి. మళ్ళీ తనే అడిగింది. "పెదనాన్న మళ్ళీ నాతో ఎప్పుడు మాట్లాడతాడు నాన్నా?"

"మాట్లాడతాడులే."

"బడి తెరిచేలోగానా?"

"ఆఁ, ఆలోగానే."

ఆ రోజూ నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళలేదు.

మే నెల మూడో వారంలో గోవర్ధనానికి నీళ్ళు పోస్తుంటే వాడు వెంకటరత్నానికి అంతా చెప్పేశాడు. తను వాడి తల తుడిచి, బట్టలు తొడిగి, నా దగ్గరికి వచ్చింది. తడిచేతులు కొంగుకి కూడా తుడుచుకోలేదు.

"మీరు చెప్తారా బావగారికి, నన్ను చెప్పమంటారా?"

"చెప్తే మనం ఎక్కడికి పోతామో తెలుసా నీకు?"

"తెలుసు. అయినా అది నా కూతురండీ. నెలయింది, పొద్దున జడ వేస్తుంటే దానికి ఒక్కసారి కూడా నొప్పెయ్యట్లేదు. ఎంత గట్టిగా లాగినా ఊఁ అనట్లేదు. అదేం పిల్లండీ అలా అయిపోయింది?" అని అక్కడే చతికిలబడి ఏడ్చింది.

నేను లేచాను. ధైర్యం వచ్చి కాదు. ఇంక దాక్కోవడానికి చోటు లేక లేచాను.

పనిగదిలో అన్నయ్య అచ్చులకి ఆముదం రాస్తున్నాడు. పని లేని కాలంలో చెక్క పగలకుండా అలా రాసి గోనెలో చుడతాం. కిందటేడు ఆ పని ఆయనా ఝాన్సీ కలిసి చేశారు. నేను గోడకి ఆనుకుని నిలబడి చెప్పాను. చక్రాలు వేసింది నేనేనని, చల్లపల్లి వెళ్ళినప్పుడని, కిరసనాయిలు అబద్ధమని. నేను మాట్లాడినంతసేపూ ఆయన ఒకే అచ్చుని తుడుస్తూ ఉన్నాడు. చెప్పడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"నా కళ్ళలోకి చూసి చెప్పిందిరా" అన్నాడు చివరికి. "అబద్ధం ఆడేవాళ్ళు అలా చూడరనుకున్నాను."

"అన్నయ్యా..."

"రోజూ వచ్చి ఆ గుమ్మంలో నిలబడేది. నేను తలెత్తేవాణ్ణి కాదు. నెలరోజులు. తొమ్మిదేళ్ళ పిల్ల నా గుమ్మంలో నెలరోజులు నిలబడితే నేను తలెత్తలేదురా."

నన్ను తిడతాడని చూశాను. తిడితే బాగుండునని చూశాను. ఆయన "తెలివిగలవాడా" అని కూడా అనలేదు. గుమ్మం వైపు తిరిగి, "ఝాన్సమ్మా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

అది వచ్చింది. అలవాటైన చోట, గుమ్మం అవతలే ఆగింది. ఆయన మొహం చూసింది. తడిసిన ఆ మొహం చూడగానే దానికి అర్థమైంది. నా వైపు తిరిగింది.

"చెప్పేశావా నాన్నా?"

నేను తల ఊపాను.

అన్నయ్య చేతిలో అచ్చు ముందుకు చాపాడు. "రా అమ్మా. లోపలికి రా. ఇదుగో, ఇది పట్టుకో" అన్నాడు. ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉంది. అది గుమ్మం దాటలేదు. ఆయన వైపు కాదు, నా వైపే చూస్తోంది.

"మరి గుడివాడ ఎప్పుడెళ్ళాలి మనం?"

నేను అన్నయ్య మొహం చూశాను. "ఎక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా" అని ఆయన అంటే అది అక్కడే ఆ క్షణాన నమ్మేది. ఆయన నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. చాపిన అచ్చుని వెనక్కి తీసుకుని, మిగతావాటి పక్కన పెట్టి, గోనె చుట్టడం మొదలుపెట్టాడు.

ఝాన్సీ ఆ గోనె ముడి పడేదాకా చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళిపోయింది. వంటింటి పక్కనుంచి దాని గొంతు వినిపించింది, తమ్ముడితో మామూలుగా, కొంచెం తొందరపెడుతున్నట్టు.

"ఒరే, నీ పలకెక్కడ పెట్టావురా? తీసుకురా, మూట కట్టుకోవాలి."